పన్ను ఊడిన మంత్రగత్తె

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, వానాకాలంలో, నన్ను ములకలపల్లి వైపు ఒక బాలికల ఆశ్రమ పాఠశాలకు గ్రంథపాలకురాలిగా బదిలీ చేశారు. మా హోదా చిత్రమైనది. టీచర్ల లెక్కలో మేము ఆఫీసు మనుషులం, ఆఫీసు లెక్కలో టీచర్లం. కొత్త పుస్తకం వస్తే స్టాక్ రిజిస్టరులో ఎక్కించి, ముద్ర కొట్టాకే పిల్లల చేతికివ్వాలి. వారానికోసారి పఠన పీరియడ్‌లో పైకి చదివి వినిపించాలి. ఆ ఒక్క పీరియడ్ కోసమే నేను మిగతా ఉద్యోగాన్ని భరించాను.

ఆ ఏడు వచ్చిన వాటిలో ఒక సరదా నవల ఉంది. నగరంలో కాలేజీకి వెళ్లే ముగ్గురమ్మాయిలు మంత్రగత్తెలు. స్కూటీ మీద ఎగురుతారు. మంత్రాలు ఫోనులో దాచుకుంటారు, చార్జింగ్ అయిపోతే ఒకటే ఏడుపు. ఎనిమిదో తరగతికి చదివి వినిపించడం మొదలుపెట్టాను. స్కూటీ మీంచి పడి ఒకమ్మాయికి ముందు పన్ను ఊడుతుంది. మంత్రానికి నోరు తిరగక, ట్రాఫిక్ పోలీసును మాయం చేయబోయి సిగ్నల్ దగ్గరి గేదెలన్నిటినీ గాల్లోకి లేపుతుంది. పిల్లలు బల్లలు చరిచి నవ్వారు. నేనూ పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని, తొర్రినోటి గొంతుతో రెచ్చిపోయాను.

అప్పుడు రెండో బెంచీలోంచి కావ్య లేచింది. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల.

"మేడం, పన్ను లేకుంటే మంత్రం పనిచెయ్యదా?"

"కథ కదా బిడ్డా," అన్నాను నవ్వుతూనే.

"కాదు మేడం. మా ఊరోళ్లు గూడ గట్లనే అంటున్నరు. మా వాడకట్టుల పిల్లలకు జరాలొచ్చినయి. మా అమ్మనే ఏదో చేసిందంటున్నరు. ఆదివారం మా అమ్మ పళ్లు పీకుతరట. పీకినంక ఇగ ఏమనరా, మేడం?"

అది శుక్రవారం. మంత్రగత్తె అన్న అనుమానంతో పళ్లు పీకడం గురించి పేపర్లో చదివాను. చదివి, పేపరు మడిచి, టీ తాగినదాన్నే.

పిల్లల ఇంటి విషయాలు వార్డెన్ ద్వారా, రాతపూర్వకంగా హెడ్మాస్టరుకు వెళ్లాలన్నది నియమం. నేను కావ్య చెయ్యి పట్టుకుని నేరుగా ఆయన గదిలోకి నడిచాను. అంతా విని ఆయన ముందుగా చూసింది నా చేతిలోని పుస్తకం అట్టను.

"గీ బుక్కు ఎవరు తెప్పిచ్చిండ్రు మేడం? రేపు లొల్లి అయితే నా మీదికే వస్తది."

"పుస్తకం సంగతి తర్వాత. ముందు ఠాణాకు ఫోన్ చెయ్యండి సార్!" అని అరిచాను. నా సర్వీసులో పై అధికారి మీద అరిచింది అప్పుడే. ఆయన కావ్య వంక చూసి ఫోన్ తీశారు. తీశాక మాత్రం వెనక్కి తగ్గలేదు. ఎస్సైతో, సర్పంచితో, దవాఖానా డాక్టరుతో వరుసగా మాట్లాడారు.

మర్నాడు మధ్యాహ్నం బడికి పోలీసు జీపు వచ్చింది. జ్వరం పిల్లలకు రక్తం తీసి చూస్తే మలేరియా అని తేలిందని ఎస్సై చెబుతున్నాడు. అతని వెనక కావ్య అమ్మ దిగింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. కావ్య పరుగెత్తి ఆ కొంగు లాగేసింది.

"నోరు తెర్వే అమ్మా!"

ఆమె తెరిచింది. కావ్య ఒక్కో పన్నునూ వేలితో తడిమి చూసింది. అన్నీ ఉన్నాయి.

ఆ నవలను నేను బీరువాలోంచి తీసేయలేదు. ఆ రోజు నేర్చుకున్నది చిన్న పద్ధతి. పైకి చదివేటప్పుడు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకోకూడదు. గదిలో నవ్వని పిల్ల కనపడేలా, కొంచెం దించి పట్టుకోవాలి.