రంగం తాత రాళ్ళ మడి

నా చిన్నప్పుడు మా ఉద్దానంలో రాయి అపురూపం. ఎటు చూసినా ఇసుకే. ఇంట్లోకి రోలు కావాలన్నా టెక్కలి వైపు నుంచి బండి మీద రావలసిందే. అలాంటి చోట ఒక మనిషి పలాస అవతలి కొండ కింద నుంచి రెండు బళ్ళ రాళ్ళు తోలించి, గోడైనా కట్టకుండా పెరట్లో పరిచి వదిలేస్తే ఊరు ఊరుకుంటుందా?

ఆయన్ని అందరూ రంగం తాత అనేవారు. మా వైపు రంగూన్ని రంగం అంటారు. పడుచుతనంలో కూలికని అక్కడికి వెళ్ళి, తల నెరిశాక ఒంటరిగా బారువ రేవులో దిగాడు. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల, కొబ్బరిచెట్ల మధ్య పల్లపు జాగాలో ఆయన ఇల్లు. వెంట తెచ్చుకున్నది ఒక్క రేకు పెట్టె. అందులో ఏముందో చూసినవాళ్ళు లేరు. ఆ రాళ్ళ సందుల్లో ఆయన నాటినవి మరీ విడ్డూరం. దళసరి ఆకుల రణపాల, కలబంద, నల్లేరు, మాకు పేరు తెలియని ఇంకో రెండు పొట్టి మొక్కలు. కూరకూ పనికిరావు, పూజకూ పనికిరావు. వాటికి నీళ్ళు పోయగా ఎవరూ చూడలేదు. పొద్దున్నే వాటి ముందు చతికిలబడి ఒక్కొక్క రాయినీ తడిమి చూసుకునేవాడు.

మా నాయనమ్మకు అదే అనుమానం. "నీల్లు పొయ్యని మొక్కలేటే? ఆ రాల్ల కింద రంగం బంగారం పాతీసి, పైన ఆకులు కప్పినాడు" అనేది. ఆమె ఒకసారి అంటే ఊరు పదిసార్లు అనేది. ఆ తర్వాత ఆయన నవ్వినా నాకు అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే. ఒకసారి నేను పడి మోకాలు చెక్కుకుపోతే, ఆయన రణపాల ఆకు నూరి కట్టాడు. ఇంటికొచ్చి, నన్ను మంచి చేసుకోవాలని చూస్తున్నాడని నాయనమ్మకు చెప్పాను. తెలివైనదానివే అని ఆమె నా తల నిమిరింది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళుంటాయేమో. వేసవి చివర్లో ఒక మధ్యాహ్నం ఆయన కాశీబుగ్గ వెళ్ళాడు. నేను కొబ్బరిచిప్ప ఒకటి పట్టుకుని ఆ పెరట్లో దూరాను. రాళ్ళు దొర్లించి, మొక్కలు పెరికి, మోచేతి లోతు తవ్వాను. చెమ్మ ఇసుక తప్ప ఏమీ తగల్లేదు. తలెత్తి చూస్తే సగం మడి పాడైపోయి ఉంది. అప్పుడు పుట్టింది భయం. విరిగిన కాడలూ ఆకులూ పరికిణీ ఒడిలో వేసుకుని, మొగలి కంచె అంచునే పరుగెత్తి, మా పెంటకుప్ప మీద పారేశాను.

సాయంత్రానికి వీధంతా గోల. రంగం తాత మాత్రం గొంతెత్తలేదు. అనుమానం ఎప్పుడూ పోయే చోటికే పోయింది. ఆయన వాకిలి ఊడ్చే ఆమె ఒకామె ఉండేది. మా వైపు అక్కను అప్ప అంటారు, ఆమెను అందరం అలాగే పిలిచేవాళ్ళం. మా ఇంట్లో ధాన్యం దంచేదీ ఆమే. "రోజూ ఆ పెరట్లో తిరిగేది అదొక్కర్తే గదా" అంది నాయనమ్మ.

"నాను ముట్టుకోనేదమ్మా, నా పిల్లల మీద ఒట్టు" అంటూ ఆమె మా వాకిట్లో ఏడ్చింది. నేను తలుపు వెనక నిలబడి అంతా విన్నాను.

రంగం తాత ఒక్కటే మాట అన్నాడు. "వానలు పడనీండి. అంతవరకు ఎవుల్నీ ఏటీ అనకండి." దానికీ పెడర్థం తీశారు. పోయింది బంగారం గనకే బయటికి చెప్పుకోలేక ఊరుకున్నాడన్నారు. అప్పను పనికి పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. నీళ్ళకు వెళ్ళేటప్పుడు ఆమె మా వీధి మానేసి చుట్టుదారిన పోయేది, రంగం తాత వాకిలికీ రావడం మానేసింది.

వానలు పడ్డాయి. నెల తిరక్కుండానే ఒక పొద్దున గుమ్మంలోకి వచ్చి చూద్దును గదా, రంగం తాత మా వాకిట్లో గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు వేలెడంత రణపాల మొక్క. దాని వెనక ఇంకోటి, ఇంకోటి, కంచె అంచునే వరసగా ఆయన పెరటి దాకా. మా పెంటకుప్ప మీదైతే ఏకంగా తోటే లేచింది.

"ఎవులు నాటినారే గుంటా, ఈటిని?"

నేను కాలి బొటనవేలితో ఇసుక గీస్తూ నిలబడ్డాను.

"దీనికి ఏరక్కర్నేదు. ఆకు పడితే సాలు, అంచున పిల్లలేత్తాది. రంగం నుంచి పెట్టిలో ఆకులే తెచ్చినాను. మా ఇంటిది పెంచినాది. అదక్కడే పోనాది." మొక్క మొదట్లో ఇసుక సర్దాడు. "మన జాగా పల్లం గదా, వానలకి నీరు నిలిస్తే కుల్లిపోతాయని రాల్లు పోయించినాను."

అంతే. రాళ్ళ కింద ఉన్నది అంతే.

"ఇంకా ఎవులూ సూణ్ణేదు. పీకీమంటే పీకీత్తాను, ఉంచమంటే ఉంచుతాను. నువ్వే సెప్పు."

ఇదేదో ఉచ్చు అనుకున్నాను. తప్పు పట్టుకున్నవాడు దాన్ని దాస్తానంటే నమ్మేదెలా? అయినా "పీకీ తాతా" అన్నాను. ఆయన మా గుమ్మం వైపు నుంచి ఒక్కొక్కటే పీకసాగాడు. నాలుగో మొక్క చేతిలోకి వచ్చేసరికి వీధి మలుపులో అప్ప కనిపించింది, చంకన కడవతో. ఇంకా ఎవరూ లేచి ఉండరనుకుని ఇటు వచ్చిందేమో. మా ఇంటి ముందు మనుషుల్ని చూసి తల దించుకుని, వచ్చిన దారినే వెనక్కి తిరిగింది.

"ఉంచీ తాతా" అన్నాను.

నాయనమ్మను చెయ్యి పట్టి బయటికి తీసుకొచ్చి నేనే చూపించాను, నేనే చెప్పాను. ఆమె ఆ మొక్కల వరస వెంట ఆ మడి దాకా నడిచి, అలాగే తిరిగి వచ్చింది. నన్ను కొట్టలేదు. కొడితే బాగుండుననిపించింది. మధ్యాహ్నం అప్ప ఇంటికి వెళ్ళింది. అక్కడ ఏమన్నదో నాకు తెలియదు.

మర్నాటి నుంచి అప్ప రంగం తాత వాకిలి మళ్ళీ ఊడ్చేది. నేను కనబడితే పలకరించేది, నవ్వేది. మా గడప మాత్రం మళ్ళీ తొక్కలేదు. నిజం చెప్పేస్తే అంతా సర్దుకుంటుందని నేననుకున్నాను. ఆ నెల్లాళ్ళూ ఆమె ఎలా గడిపిందో అప్పుడు నాకు తట్టలేదు.

ఇప్పటికీ మా ఇంట్లో ఏ గిన్నో గొలుసో కనపడక, అందరి చూపూ పనిమనిషి వైపు తిరిగితే, నేనే ముందు లేస్తాను. "ఉండండర్రా, నేనే ఎక్కడో పెట్టి మరిచిపోయుంటాను" అని వెతకడం మొదలుపెడతాను. ముసలిదానికి మతిమరుపు ముదిరిందని పిల్లలు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.