గల్లీకంతా ఒకటే మెయిల్

ఉప్పుగూడలో మా గల్లీకంతా ఒకటే మెయిల్ ఉండేది. అది వైకుంఠానిది. సర్కారీ ఆఫీసులో గుమాస్తా కాబట్టి అందరికంటే ముందు తెరిచాడు. గల్లీలో ఎవరు ఏ దరఖాస్తు నింపినా ఆ అడ్రసే రాసేవారు. ఫారంలో ఆ గడి ఖాళీగా ఉంటే తీసుకోరు మరి.

ఆయన వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ తీరిగ్గా చదివేవాడు. మహేష్ పరీక్ష తప్పిన సంగతి మహేష్ కంటే ముందు చాయ్ హోటల్‌కు తెలిసింది. రాజమణి రక్తపరీక్ష రిపోర్టు మీద అరుగెక్కి చర్చ పెట్టాడు.

అలాంటి మనిషికి ఈ ఎండాకాలం గోప్యత పిచ్చి పట్టుకుంది. నడుము నొప్పికి చూపించుకున్న ఆస్పత్రి నుంచి మెయిల్ వస్తే, మర్నాటికి ఫోన్ నిండా నడుము బెల్టుల ప్రకటనలేనట. మెయిల్ నడిపే పెద్ద కంపెనీయే మన ఉత్తరాలు చదువుతోందని ఎవరో వీడియోలో చెప్పారట. "మన బతుకులు బజార్ల పెడ్తున్నరు భాయ్!" అని అదే చాయ్ హోటల్లో బల్ల చరిచాడు. గురివింద గింజ తన నలుపెరగదని ఊరికే అన్నారా!

ఏదో చలిదేశపు కంపెనీలో కొత్త మెయిల్ తెరిచాడు. తన కాగితాలన్నీ అక్కడికి మార్చుకుని, పాత ఖాతాను పూర్తిగా తుడిచేశాడు. కొత్త అడ్రస్ అడిగితే, చెప్తే ఇక గోప్యత ఏముందన్నాడు. గల్లీ వాళ్ల దరఖాస్తులు ఆయనకు గుర్తే రాలేదు. నిజం చెప్పాలంటే నాకూ తట్టలేదు. కానీ ఖాతా నాది కాదు.

ఆండాలు లాడ్ బజార్‌లో గాజుల దుకాణంలో పదహారేళ్లుగా రోజంతా నిలబడి పనిచేస్తోంది. మోకాళ్లు అరిగిపోయాయి. సర్కారీ హాస్టల్లో వంటమనిషి ఉద్యోగానికి పెట్టుకుంది. ఈ ఏడాదితో వయసు దాటిపోతుంది, మళ్లీ పెట్టుకోవడానికి లేదు. చాయ్ హోటల్ కబుర్లు ఆడవాళ్ల దాకా రావు గనక మెయిల్ మూసిన సంగతి ఆమెకు తెలియదు. శ్రావణం దాటినా పిలుపు రాకపోయేసరికి ఆఫీసుకే వెళ్లి అడిగింది. మెయిల్ పంపామనీ, ఇంటర్వ్యూలు సోమవారమే అయిపోయాయనీ చెప్పారు. అట్నుంచటే వైకుంఠం ఇంటికి వచ్చి గుమ్మంలో కూలబడింది. ఆయన ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు, నేనూ అక్కడే ఉన్నాను.

"ఆ మెయిల్ బంద్ చేసిన గదా, ఆండాలు. మనయన్నీ ఆ కంపెనోళ్లు చదువుతున్నరు" అన్నాడు వైకుంఠం.

"మాయన్నీ నువ్వు చదివినవ్ గదన్నా. ఎప్పుడన్న లొల్లి చేసినమా? చదివితే చదివినవ్, చెప్పేటోనివి."

ఆ మాటకు నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఆయనకు చీమ కుట్టినట్టైనా లేదు. పెద్దరికంగా గొంతు సవరించుకున్నాడు.

"ఫికర్ చెయ్యకు. నీకు కొత్త మెయిల్ నేనే తెరుస్త. పాస్‌వర్డ్ నా దగ్గరనే ఉండనియ్, నువ్వు మర్చిపోతవ్."

ఆండాలు గుమ్మం పట్టుకుని మెల్లగా లేచింది. దుకాణానికి అప్పటికే ఆలస్యమైంది.

"ఇగ నాకు ఉత్తరం రాసేటోళ్లు ఎవరున్నరన్నా?"