యార్డు దాటని మెయిల్ ఇంజను

తిరుపతి కొర్లగుంటలో గిరిప్రసాద్ నడిపే నెట్ సెంటర్లో నాలుగో గది ప్లైవుడ్ అడ్డుగోడ పడిపోవడానికి కారణం, లోపల ఇంజను వెనక్కి నడుస్తూ ఉండడం. ఇంజను వెనక్కి పోయేటప్పుడు డ్రైవరు ఎడమవైపు నడుం దాకా బయటికి వంగి, వెనకాల జెండా చూపే మనిషిని చూసుకోవాలి. ఆదిమూలం అలాగే వంగారు. తాను కూర్చున్నది కంప్యూటర్ ముందు చక్రాల కుర్చీలోనని, ఎడమవైపు కిటికీ లేదని ఆయనకు గుర్తు రాలేదు. అడ్డుగోడా ఆయనా కలిసి అవతల తన వంతు కోసం టీ తాగుతూ కూర్చున్న దొరస్వామి మీద పడ్డారు. టీ దొరస్వామి తెల్లచొక్కా మీద పడింది. తెర మీద ఇంజను మాత్రం ఆగకుండా పోయి వ్యాగన్లకు గుద్దుకుంది.

"బతుకంతా ఎనక్కే నడిపితివి, ఇంగా ఎనక్కి సూడ్డం రాలేదా నీకు?" అన్నారు దొరస్వామి చొక్కా దులుపుకుంటూ.

"జెండా సూపేవాడు లేకుంటే యాడ సూసేది?" అన్నారు ఆదిమూలం కింద నుంచే.

ఇద్దరూ రైల్వేలో రిటైరైన డ్రైవర్లు, ఒకే వీధి. ఆదిమూలం ఉద్యోగమంతా పాకాల యార్డులో షంటింగ్ ఇంజను మీద గడిచింది. వచ్చిన పెట్టెలను విడదీయడం, పోవాల్సిన పెట్టెలను ఏరుకొచ్చి జత చేయడం, బండిని తయారు చేసి ప్లాట్‌ఫారం మీద నిలబెట్టడం ఆయన పని. అప్పుడు దొరస్వామి ఇస్త్రీ చేసిన రుమాలు మెడకు కట్టుకుని వచ్చి, పెద్ద మెయిల్ ఇంజను తగిలించుకుని పోయేవారు. అలా పోతూ ఒక్కనాడైనా యార్డు వైపు చెయ్యి ఊపలేదని ఆదిమూలం ఇప్పటికీ మర్చిపోలేదు. దొరస్వామికి అసలు గుర్తే లేదు. తగువంతా అక్కడే.

పైగా 'గడప దాటని డ్రైవరు' అని దొరస్వామి పెట్టిన పేరొకటి, ఇద్దరితోపాటు రిటైరై తిరుపతికి వచ్చేసింది. పెళ్లి భోజనాల వరసలో పక్కవాళ్లకు, "ఈయప్ప గూడా డ్రైవరే, గడప దాటలేదంతే" అని పరిచయం చేసేవారు. ఆదిమూలం ఆ పెళ్లిళ్లలో పాయసం దాకా ఉండేవారు కాదు.

ఇలా ఉండగా, రెండువేల మూడులో కాబోలు, గిరిప్రసాద్ పిల్లల కోసం ఒక రైలు ఆట తెచ్చి నాలుగో కంప్యూటర్లో ఎక్కించాడు. అందులో నల్లటి మెయిల్ ఇంజను చూసి దొరస్వామి వీధి వీధంతా చాటింపు వేశారు. మరునాడు ఆదిమూలం వచ్చి తన షంటింగ్ ఇంజను చూపించమన్నారు.

"పొట్టిది. బొగ్గింజను. యార్డులో ముందుకీ ఎనక్కీ తిరగతా ఉంటాది."

గిరిప్రసాద్ ఆటలోని ఇంజన్లన్నీ ఒకటొకటిగా తిప్పి చూశాడు. "లేదు సార్. అన్నీ ఎక్స్‌ప్రెస్‌లవే ఉండాయి."

"ఏ యార్డుకు పోయినా కనపడిన ఇంజనప్పా అది! ఈడ ఒకటి గూడా లేదా?"

"ఆట గదా ఆదిమూలం," అన్నారు వెనక నుంచి దొరస్వామి. "ఆడుకునేదానికి ఎవురన్నా చెత్తబండిని అడగతారా?"

ఆదిమూలం తెర వైపు వేలు చూపించారు. అక్కడ ప్లాట్‌ఫారం మీద మెయిల్ బండి తళతళలాడుతూ సిద్ధంగా ఉంది. "మరి ఈ పెట్టెల్ని ఎవురు తెచ్చి పెట్టినారు?"

"అదీ... ఆటలో అవి అట్లే వస్తాయి సార్," అన్నాడు గిరిప్రసాద్.

"అట్లే వస్తాయి!" ఆదిమూలం దొరస్వామి వైపు తిరిగారు. "నీకూ అట్లే వచ్చినాయనుకుంటివి గదా ఇన్నేండ్లూ."

"యాల? నువ్వు తేకుంటే నా బండి పోకుండా నిలిచిపోతాదా?"

మరునాడు గిరిప్రసాద్ షట్టరు ఎత్తేసరికి ఆదిమూలం గుమ్మంలో ఉన్నారు. చిన్న ఇంజను లేదు కాబట్టి పెద్దదాన్నే తీసుకున్నారు. దాన్ని తళతళలాడే పెట్టెల నుంచి విడదీసి, మూలలో ఉన్న ఖాళీ బొగ్గు వ్యాగన్ల దగ్గరికి తోలారు. మొదట చెప్పిన ప్లైవుడ్ సంగతి ఆ ఉదయానిదే.

గిరిప్రసాద్ అడ్డుగోడను మళ్లీ బిగించి, ముందుజాగ్రత్తగా ఎడమవైపు తల పట్టేంత కంత కోయించాడు. ఆనాటి నుంచి ఆదిమూలం అందులోంచి తల బయటపెట్టి మరీ ఇంజను వెనక్కి నడిపారు. అవతల కూర్చునే దొరస్వామికి ఆ తలను చూడక తప్పేది కాదు.

అసలు చిక్కు దొరస్వామి వంతు వచ్చాక మొదలయ్యేది. ఆటను ఒకరు ఎక్కడ వదిలితే రెండోవారికి అక్కడే కనిపిస్తుంది. ఆయన మెయిల్ ఇంజను వ్యాగన్ల మధ్య ఇరుక్కుని ఉండేది. పెట్టెలు నాలుగు లైన్లలో నాలుగు ముక్కలై ఉండేవి. దొరస్వామి ముందుకు పోతే వ్యాగన్లు, వెనక్కి పోతే గోడ. పెట్టెలు జత చేద్దామని పోయి రెండుసార్లు పట్టాలు తప్పించారు. ఆదిమూలాన్ని ఒక్కమాట అడిగితే సరిపోయేది. అడిగితే దొరస్వామి ఎలా అవుతారు? ఒక్క మీట నొక్కితే బండి మళ్లీ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందని గిరిప్రసాద్‌కు తెలుసు. కానీ ఇద్దరు పెద్దమనుషులు రోజూ తప్పకుండా వస్తుంటే ఆ మాట అతను మాత్రం ఎందుకు చెబుతాడు?

మెయిల్ బండి మాత్రం కదల్లేదు.

చివరికి ఒకనాడు సెంటరంతా వినేలా దొరస్వామి అరిచారు. "ఏమప్పా గిరీ, నువ్వన్నా అడుగు! మెయిల్ ఇంజనది! నెలగా యార్డులో చెత్త మోయిస్తా ఉండాడు, దానికి ప్లాట్‌ఫారం మొగం సూపీలేదు ఈయప్ప!"

కంతలోంచి ఆదిమూలం తల బయటికి వచ్చింది.

"ఉండనీ దొరసామీ, యార్డు పనేందో అదన్నా నేర్సుకోనీ."