పుర్రచేతి కొడవలి

పక్కింట్లో కొత్తగా కిరాయికి దిగిన అమ్మాయి నిన్న పొద్దున ఫోను పట్టుకొని మా గోడ దగ్గరికి వచ్చింది. వాళ్ళ ఇంటి వెనక నాలుగడుగుల ఖాళీ జాగా ఉంది, అందులో కూరగాయలు పెడుతుందట. ఫోనులో ఒక సెట్టు బొమ్మ చూపించింది. బొమ్మలాటకు సరిపోయేంత చిన్న పార, గోళ్ళు చాచిన చెయ్యిలాంటిదొకటి, కత్తెర, చేతి తొడుగులు, అన్నిటికీ ఆకుపచ్చ పిడులు. "పెద్దమ్మా, గీ సెట్టు మంచిదేనా? తక్కువల వస్తాంది" అంది. మా వాడలో పెరటి సామాను గురించి ఎవరికి అనుమానం వచ్చినా నన్నే అడుగుతారు. మామూలుగా అయితే గంటసేపు చెప్తాను. అన్నీ ఒక్కసారే కొనకు, ముందు ఒక మంచి పార కొను, తర్వాత కొడవలి కొను, గడ్డపార ఏడాదికి రెండుసార్లే కావాలి గనక అది ఎవరింట్లో ఉందో చూసుకొని వాళ్ళతో మంచిగా ఉండు, అని. నిన్న మాత్రం నా నోట వేరే మాట వచ్చింది. "నీది ఏ చేతివాటం బిడ్డా?" అన్నాను. ఆ పిల్ల రెండు చేతులూ చూసుకొని, "కుడిచెయ్యే పెద్దమ్మా, ఎందుకు?" అంది. పొయ్యి మీద పాలున్నాయని లోపలికి వచ్చేశాను. పొయ్యి మీద పాలేమీ లేవు.

మా యారాలిది పుర్రచెయ్యి. యారాలంటే మా మరిది భార్య, నా తోడికోడలు. పుర్రచెయ్యంటే ఎడమచేతి వాటం. ఆమె పోయి రెండేళ్ళయింది. ఆమె పెళ్ళై ఈ ఇంటికి వచ్చేనాటికి నేను వచ్చి ఆరేళ్ళు, కాబట్టి పెత్తనం నాదే. మొదటిరోజే పంక్తిలో పుర్రచేత్తో అన్నం వడ్డించబోతే మా అత్త గరిటె గుంజుకుంది. నన్ను పక్కకు పిలిచి, "నీ చెల్లెకు జర చెయ్యి నేర్పు" అంది. నేర్పాను. వారం రోజులు వంటింట్లో ఆమె ఎడమచేతిని ఆమె కొంగుతోనే ముడేసి, కుడిచేత్తో గరిటె పట్టించాను. ఇద్దరం నవ్వుకుంటూనే చేశాం ఆ పని. వడ్డన, బొట్టు పెట్టడం, వాయినం ఇవ్వడం కుడిచేతికి వచ్చాయి. మిగతావన్నీ పుర్రచేతి దగ్గరే ఉండిపోయాయి. అత్త లేవకముందే ఆ చేత్తో వాకిట్లో ముగ్గు వేసేసేది. వీధిలో పోయేవాళ్ళు ఆగి ఆ ముగ్గు చూసేవాళ్ళు. నా ముగ్గు దగ్గర ఎవరూ ఆగలేదు, అది నాకు లోపల కొంచెం గుచ్చుకునేది కూడా.

మాది నేతవాళ్ళ ఇల్లు. మా ఆయన మగ్గం దిగి బట్టల దుకాణంలో కుదిరాడు గానీ మరిది నేస్తూనే ఉన్నాడు. అతనికి కావలసిన నూలు కండెలు ఆమె రాట్నం మీద చుట్టేది. కొత్తలో రాట్నం చక్రాన్ని కుడిచేత్తో తిప్పలేక ఊరికే దారం తెంపేది. మరిది రెండు రోజులు చూశాడు. మూడోరోజు రాట్నాన్ని పట్టుకుపోయి, తిప్పే పిడిని అటువైపు నుంచి ఇటువైపుకు మార్చి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆ తర్వాత దారం తెగలేదు. ఇదంతా నా కళ్ళముందే జరిగింది. "అబ్బో, పెండ్లాం అంటే ఎంత పావురం, ఎంత ప్రేమ" అని నేను ఆటపట్టించాను కూడా. అందులో నేను నేర్చుకోవాల్సింది ఒకటుందని తోచలేదు.

తెలంగాణ వచ్చిన ఏడాదే మా అత్త పోయింది. పెరడు ఆమె రాజ్యం, మమ్మల్ని మడి తొక్కనిచ్చేది కాదు. ఆమె పోయాక ఒక్క వానాకాలానికే వయ్యారిభామ కలుపు నడుము దాకా లేచింది, తుంగ ఎక్కడ పడితే అక్కడ మొలిచింది, జామచెట్టు కింద పాము కుబుసం కనిపించింది. అత్త వాడిన సామాన్లు చూస్తే అన్నీ తుప్పు పట్టి, కామలు, అంటే కర్ర పిడులు, పుచ్చి ఉన్నాయి. సరే, ఉన్నంతలో కొత్తవి కొందామని యారాండ్లమిద్దరం అంగడికి పోయాం. అక్కడ నా దర్జా చూడాలి. పారను రాయికి తట్టి మోత విన్నాను. ఖంగుమంటే తీసుకోవాలి, బొంగురుగా మోగితే ఎక్కడో పగులున్నట్టు. పారకు వాళ్ళే పెట్టిన కామ వద్దని, ఇంట్లో ఉన్న తుమ్మకర్ర దిగ్గొట్టి నీళ్ళ తొట్టిలో నానబెడితే అది ఉబ్బి బిగుసుకుంటుందని అమ్మేవాడికే పాఠం చెప్పాను. చివరికి కొడవలి దగ్గరికి వచ్చాం. కుప్పలోంచి ఒకటి తీసి కుడిచేత్తో గాల్లో రెండుసార్లు ఊపాను. పిడి నా గుప్పిట్లో బాగా ఇమిడింది. ఇదే ఇయ్యి అన్నాను. కోసేది నేను కాదు, నాకు మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చోలేను. కోసేది నా పక్కన తట్ట పట్టుకొని నిలబడి ఉంది.

అప్పుడు అడిగింది ఆమె. ఆమెది తిరుమలగిరి పక్కన పల్లె. "అక్కా, మా ఊర్ల కమ్మరి తాత నా చేతికి వేరే కొడవలి చేసిచ్చేటోడు. గట్ల ఒకటి చేపిద్దామా?" అంది. చాలా మెల్లగా అడిగింది. నేను మాత్రం అంగడంతా వినేటట్టు, "కొడవలికి నీది ఏ చెయ్యో ఎట్ల తెలుస్తదే? దానికి కండ్లున్నయా?" అన్నాను. అమ్మేవాడు నవ్వాడు. పక్కన మిరపకాయలు ఏరుకుంటున్న ఆడవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. తనే చేయించుకోవచ్చు కదా, తన మొగుడికి చెప్పుకోవచ్చు కదా అని నాతో నేను ఎన్నోసార్లు వాదించుకున్నాను. ఆ వాదన నాకే నిలవదు. పదిమందిలో అక్క నవ్వులపాలు చేసిన కోరికను ఇంకొకరి దగ్గర చెప్పుకునే మనిషి కాదు ఆమె.

తొమ్మిదేళ్ళు ఆ పెరడు ఆమె చేతుల్లో ఉంది. పుంటికూర, తోటకూర, గోడంతా చిక్కుడు తీగ, బావి గట్టున బంతి. రెండు మేకల్ని తెచ్చి కట్టింది. వాటి కోసం రోజూ గడ్డి కోయాలి. వానాకాలంలో అయితే పొద్దునొక తట్ట, సాయంత్రమొక తట్ట. సాయంత్రం పని అయ్యాక మణికట్టుకు పాత చీర పేలిక చుట్టుకొని కూర్చునేది. "తట్టెడు గడ్డికి కట్టెందుకే, యుద్ధం చేసి వచ్చినవా?" అనేదాన్ని. "ఏం కాదక్కా, జర చెయ్యి గుంజుతాంది" అనేది. మొదట మణికట్టు, తర్వాత మోచెయ్యి, తర్వాత భుజం. నాకు ప్రేమ లేక కాదు. ఉప్పు వేయించి మూటగట్టి ఎన్ని సాయంత్రాలు కాపడం పెట్టానో. కాపడం పెడుతూ కబుర్లు చెప్పేదాన్ని, ఆమె కళ్ళు మూసుకొని ఊ కొట్టేది. కొడవలి పళ్ళు అరిగితే కమ్మరి దగ్గర కక్కు కొట్టించడం, అంటే మళ్ళీ పళ్ళు తీయించడం, దండగని, రెండేళ్ళకొకసారి అంగడికి పోయి కొత్తది తెచ్చేదాన్ని. ప్రతిసారీ నా కుడిచేత్తోనే ఊపి చూసి తెచ్చాను.

ఆ రోజు పొద్దున కూడా మామూలుగానే గడ్డి కోసి వచ్చింది. బట్టలుతికే బండ మీద కూర్చొని, "అక్కా, చెయ్యి గుంజుతాంది. ఇయ్యాల ఎక్కువున్నది" అంది. నేను చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను, తలెత్తలేదు. "పోయి ఒరుగు, ఉప్పు వేయించి తెస్త" అన్నాను. తెచ్చాను. భుజానికి కాపడం పెట్టాను. ఒళ్ళంతా చెమట పట్టింది. ఎండలో కోసింది కదా అనుకున్నాను. "మేకలకు నువ్వెయ్యి అక్కా ఇయ్యాల" అంది. వేసి వచ్చాను. వచ్చేసరికి ఆమె మొఖం రంగు మారిపోయి ఉంది. మరిది మగ్గం మీంచి దూకినట్టే వచ్చాడు, ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. దారి పొడుగునా ఆ చెయ్యి నా ఒళ్ళోనే ఉంది, నేను నిమురుతూనే ఉన్నాను, అది కొడవలి నొప్పే అనుకుంటూ. డాక్టరు గారు లోపల చూసి బయటికి వచ్చి, "ఎడమచెయ్యి నొప్పి ఎప్పటినుంచమ్మా?" అని అడిగాడు. "తొమ్మిదేండ్ల నుంచి సారూ" అన్నాను. ఆయన రాయడం ఆపి నా వైపు చూశాడు.

గుండెపోటని, ఎడమచేతి గుంజుడు దాని గుర్తని, పొద్దున ఆ గుంజుడు మొదలైనప్పుడే తీసుకొచ్చి ఉంటే ప్రయత్నం చేసేవాళ్ళమని చెప్పాడు. పొద్దుగూకక ముందే ఆమె పోయింది. ఎన్నడూ నొప్పి ఎరగని చెయ్యి అయితే మేం బెదిరిపోయేవాళ్ళం, ఆమె కూడా బెదిరి లేచి వచ్చేది. రోజూ నొచ్చే చెయ్యి గనక ఆమెకూ తెలియలేదు, నాకూ తెలియలేదు. మరిది నన్ను ఒక్క మాట అనలేదు. "వదినా, నువ్వు చేసేది చేసినవ్" అన్నాడు. అతను తిట్టి ఉంటే నాకు కొంచెం నిద్రపట్టేదేమో. మేకల్ని ఆలేరులో మా ఆడబిడ్డ వాళ్ళకు ఇచ్చేశాం. పెరట్లోకి అతను ఇప్పటికీ రాడు.

పోయిన వానాకాలంలో గడ్డి మళ్ళీ మోకాలు దాకా లేచింది. కూలికి మనిషిని పిలిచాను, అతను కొడవలి అడిగాడు. ఆమె చివరగా వాడినది చూరులో అలాగే ఉంది, పళ్ళు అరిగిపోయి ఉన్నాయి. నా లెక్క ప్రకారం అయితే దాన్ని పారేసి కొత్తది కొనాలి. పారేయడానికి చెయ్యి రాలేదు. పేలికలో చుట్టుకొని, జన్మలో మొదటిసారి మా ఊరి పాతబస్తీలో కమ్మరి కొలిమికి పోయాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, పిడి మీద బొటనవేలు అరిగిన చోట తడిమి, "దీన్ని పుర్రచేతి మనిషి వాడిందా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. "పాపం, ఎట్ల కోసిందో. గీ కక్కు కుడిచేతికి కొట్టింది. పుర్రచేత్తో పడితే పండ్లు మీదికొస్తయ్, గడ్డి తెగది, జారుతది. చెయ్యి మెలేసి గుంజాలె. భుజం దాకా నొస్తది" అన్నాడు. "రెండో దిక్కు కక్కు కొట్టియ్యాల్నా? పుర్రచేతికి సరిపోతది" అని అడిగాడు. ఎవరి కోసమో నాకు తెలియదు, కొట్టమన్నాను. ఆయన భార్య నా చేతికి టీ ఇచ్చింది. ఆయన ఉలి పెట్టి సుత్తితో ఒక్కొక్క పన్నే తీస్తుంటే చూస్తూ కూర్చున్నాను. తొమ్మిదేళ్ళు నాకు తీరిక దొరకని ఆ పని, చేతిలో టీ చల్లారకముందే అయిపోయింది.