బతికున్న బాపును తీసేసిన ఉత్తరం

పరాయివాళ్లమైన మనల్ని తన ఇంట చేర్చుకుని, పిల్లలారా అని పిలిచిన తండ్రికి స్తోత్రం. పిలిచేటప్పుడు ఆయన ఏ ఫారమూ నింపమనలేదు. అందుకు ఇంకోసారి స్తోత్రం.

తెలంగాణ రాష్ట్రం రావడానికి మూడు నాలుగేళ్ల ముందు, గోదావరిఖనిలో మా సంఘం ఇంగ్లీషు ఉత్తరాలన్నీ నేనే రాసేదాన్ని. బళ్లో ఇంగ్లీషు చెబుతాను కాబట్టి ఆ పని నా మీద పడింది. ఏ ఉత్తరమైనా ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్ద తెలుగులో చదివి వినిపించాలి. అందరూ ఆమేన్ అన్నాకే ముద్ర పడాలి. అది మా తాతల నాటి పద్ధతి.

ఆ ఏడు ఒక అమ్మాయికి నర్సింగు సీటు కోసం సిఫారసు ఉత్తరం కావలసి వచ్చింది. ఆమె పాలు మరవకముందే తల్లీ తండ్రీ పోతే, తండ్రి తమ్ముడు పెంచాడు. బొగ్గుబాయిలో పని ఆయనకు. పెళ్లి చేసుకోలేదు. పొద్దుటి షిఫ్టుకు పోయేముందు ఆ పిల్లకు జడ వేసి పోతాడని వాడంతా నవ్వేది. ఆమె ఆయన్ని నాన్నని పిలిచినట్టే బాపు అని పిలిచేది.

మొదట 'డాటర్' అని రాశాను. కన్నట్టు కాగితం చూపమంటారని చించేశాను. 'నీస్' అని రాశాను. అప్పుడు ఆయన 'అంకుల్' అవుతాడు. మా పక్కనున్న జ్యోతినగర్ కాలనీలో స్కూటర్ మీద పోయే ప్రతి మగవాడూ పిల్లలకు అంకులే, ఆ గుంపులో ఈయన్ని ఎలా కలపను? 'వార్డ్' అంటే ఒకరి సంరక్షణకు అప్పగించిన పిల్ల, కోర్టు వాసన వేసింది. 'డిపెండెంట్' అంటే ఆయన పెట్టే తిండి తినే మనిషి, అంతే.

రిటైరైన గుమాస్తా మా సంఘపెద్ద. ఆయన వచ్చి, ఆర్ఫన్ అని రాయమని, ఆ మాటకే సీటు జల్ది వస్తుందని చెప్పాడు. రాశాను. అర్థం తెలియక కాదు, విసుగొచ్చి రాశాను.

ఆదివారం ఆ బాపు డ్యూటీ మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. "తల్లిదండ్రులు లేని ఈ అనాథ బాలికకు" అని పెద్ద చదవగానే లేచి నిలబడ్డాడు.

"నేను సచ్చిపోయిననా, పెద్దన్నా?"

వెనక ఎవరో నవ్వారు.

"కాగితం మీద గట్లనే రాస్తరు తమ్మీ. అయినా నువ్వేమన్న కన్నవా?"

దేవుని మందిరంలో, రొట్టె విరిచే బల్ల పక్కన నిలబడి అన్న మాట అది. కన్నవాడు కాని ఒక వడ్రంగి ఇంట్లో మన రక్షకుడు పెరిగాడని ప్రతి క్రిస్మస్‌కూ చదివి వినిపించే నోరు అది. ఇన్నేళ్లయినా తలచుకుంటే నా ఒళ్లు మండుతుంది.

బాపు కూర్చోలేదు. ఆడవాళ్ల వైపు నుంచి ఆ పిల్ల లేచి నా ముందుకు వచ్చింది.

"టీచరమ్మా, నువ్వు మా ఇంట్ల అన్నం తిన్నవు. బాపు వండిండు. గిట్లెట్ల రాసినవు?"

ఆమేన్ ఎవరూ అనలేదు. ఆ పెద్ద మీద అరవవలసినదాన్ని, నేనూ తల దించుకుని కూర్చున్నాను.

ఆ సాయంత్రం వాళ్లింటికి పోయి, వాళ్ల ముందే 'డాటర్' అని మళ్లీ రాశాను. దానికి ముద్ర వేయనన్నాడు సంఘపెద్ద. అబద్ధానికి వేయడట. బతికున్న మనిషిని తీసేసిన కాగితానికి వేయబోయిన ముద్ర అది! ముద్ర లేకుండానే ఉత్తరం పోయింది. సీటు రాలేదు. ఆ పిల్ల మంచిర్యాలలో డిగ్రీలో చేరింది. ఒక్క ముక్క ఇంగ్లీషు చదవలేని బాపు ఆ ఉత్తరం నకలును తన బైబిలులో దాచుకున్నాడు.

చదువుతున్న మీరు నాతో కలిసి మోకరించండి. మా కలాలు ఎవరి తండ్రినీ తీసివేయకుండా కాపాడమని అడగండి. ఆ పెద్దను క్షమించడం నాకింకా చేతకాలేదు, దాని కోసమూ అడగండి. ఆ మాట రాసిన చెయ్యి నాదే. దాని కోసం అందరికంటే గట్టిగా అడగండి.