బ్లేడు అరగదీసిన పేజీ

మా లెక్కల సారు పోయారు. మొన్న సోమవారం ఆయన భార్య బోధన్ నుంచి ఫోన్ చేసి, “సార్ పోయిండు బిడ్డా, రా” అని పెట్టేశారు. సారుకు రావలసిన డాక్టరేట్ రాకుండా ఆపింది నేనే. 

ఎనభైల్లో కోటగిరి నుంచి బస్సులో వచ్చి ఆయన దగ్గర డిగ్రీ చదివాను. ఊళ్లోని చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడే రోజుల్లో కిటికీ మీద పడే మసినే పాఠం చేసేవారు.

“పొగ గొట్టం కాడ మొదలైతది. గాలి ఇంటింటికి పంచుతది. గదంత కూడుకుంటే మన దండెం మీది బట్టల మసి. గదే కన్వల్యూషన్.”

“గొట్టం మూతి కాడనో సార్?”

“గాడ దూరం సున్న, లెక్క కాలుతది. సుట్టు చిన్న గుండ్రం గీసి, గంతమందం ఇడిసిపెట్టి లెక్క కట్టాలె. గుండ్రాన్ని మెల్లగ తగ్గించుకుంట పోవాలె.”

అలా ఒకచోట కాలే వాటినే సింగ్యులర్ కెర్నెళ్లంటారు. టెంపర్డ్ డిస్ట్రిబ్యూషన్లు అనే ఒక రకం విస్తరించిన ఫంక్షన్లను వాటితో కన్వల్యూషన్ చేయడం మీద సారు తొమ్మిదేళ్లు కష్టపడి థీసిస్ రాశారు. నేను ఎమ్మెస్సీ ముగించి వచ్చేసరికి అది టైపవుతోంది. మిషన్‌లో గణిత గుర్తులుండవు. టైపిస్టు వదిలిన ఖాళీల్లో నల్ల ఇంకుతో గుర్తులు రాయడం నా పని. నా చేతిరాత మీద సారుకు అంత గురి.

ఐదో అధ్యాయంలో చెయ్యి ఆగిపోయింది. మూడింటిని కన్వల్యూషన్ చేస్తూ సారు, ముందు ఏ రెండింటిని కలపాలో చెప్పే బ్రాకెట్‌ను ఎడమ నుంచి కుడికి జరిపారు. మామూలు గుణకారంలో అది తప్పు కాదు. ఇక్కడ మాత్రం ఒక్కోసారి ఎడమన పెడితే సున్నా, కుడిన పెడితే ఒకటి వస్తుంది. తర్వాతి అధ్యాయాలన్నీ ఆ ఒక్క అడుగు మీదే నిలబడ్డాయి.

నాలుగు రోజులు కడుపులో దాచుకున్నాను. ఐదో రోజు, నా తెలివి తగలెయ్య, చెప్పేశాను. సారు ఆ పేజీ తీసుకుని బ్రాకెట్ ఒకసారి ఎడమన, ఒకసారి కుడిన పెట్టి లెక్క కట్టి చూశారు. టీ చల్లారి మీగడ కట్టింది.

“బరాబర్ పట్టినవ్ బిడ్డా. నేను సెప్పిన సదువే గదా.”

థీసిస్ యూనివర్సిటీకి ఇవ్వలేదు. ఇంకో సమస్య ముట్టుకోనూ లేదు. “బ్రాకెట్ జరిపే ముందు దాని పర్మిషన్ అడుగుర్రి” అని ఏటా క్లాసులో అనేవారట. ఎందుకో తెలియని పిల్లలు నవ్వేవారట.

నేను వెళ్తే సారుది ఒకటే ప్రశ్న, ఆ అడుగును సరిచేసే దారి గురించి. “ఏమన్న తొవ్వ దొరికిందా?”

“లేదు సార్.”

“దొరుకుతది. పరేషాన్ గాకు.”

తిరిగి నన్నే ఓదార్చేవారు. ఒక్కసారి తిట్టి ఉంటే నేను బయటపడేదాన్ని.

నిన్న ఆయన భార్య ట్రంకు పెట్టె తెరిచి ఆ పేజీ నా చేతిలో పెట్టారు. “మీ సార్ రోజూ గిదే ముంగటేసుకొని కూసుంటుండె.”

నేను పెట్టిన బ్రాకెట్‌ను బ్లేడుతో గీకి ఎడమన పెట్టుకున్నారు. మళ్లీ గీకి కుడిన. ఎన్నేళ్లు గీకారో, రెండుచోట్లా కాగితం చిల్లులు పడింది. వెలుగుకు ఎత్తి పట్టుకున్నాను. ఆ చిల్లుల్లోంచి దండెం మీద సారు తెల్లచొక్కా కనిపించింది. పోయిన రోజు పొద్దున ఆయనే ఆరేసుకున్నారట. ఎవరూ తీయలేదు. దాని నిండా మసి.