మగలోన్ చేసిన పుల్లని వైన్

మగలోన్ పుట్టింటివాళ్లు 'తో' అనే ఉప్పునీటి సరస్సులో తాళ్లకు ఆల్చిప్పలు వేలాడదీసి, తినేవాళ్లకు అమ్మడానికి పెంచేవారు. ఆమె పినే అనే ఊళ్లో ద్రాక్షతోటలున్న ఫుల్‌క్రాన్‌ను ఇష్టపడి పెళ్లాడింది. కాపురానికొచ్చిన రోజే మామగారు ఒనొరె ఆమెను గుమ్మంలో ఆపాడు.

"ఏమ్మా ఉప్పుపిల్లా, కాళ్లకి నాచు అంటుకుందేమో, తుడుచుకుని రా!"

"తుడుచుకున్నా మావయ్యా. మీ మీసాలకే సూప్ అంటుకుంది, చూసుకోండి."

ఫుల్‌క్రాన్ నవ్వాపుకోలేక పెరట్లోకి పారిపోయాడు.

మాటల్లో కోడలిదే పైచేయి అయినా, తోటలో మాత్రం ఒనొరె చెప్పిందే చట్టం. పిక్‌పూల్ అనే తెల్లద్రాక్షను బాగా మగ్గి, పసుపు తిరిగేదాకా కోయనిచ్చేవాడు కాదు. ఆ వైన్ చప్పగా, బరువుగా ఉండేది. మూలికలు కలిపి అమ్ముకునే కంపెనీవాళ్లు దాన్ని టోకున తోలుకుపోయేవారు.

"మన వైన్ మనింట్లో ఎవరూ తాగరేంటి మావయ్యా?"

"అది అమ్ముకునేదమ్మా, తాగేది కాదు."

మగలోన్‌కు ఇంకా పచ్చిదనం పోని పండు నమలడం ఇష్టం. పెదవి చురుక్కుమనేది. ఆల్చిప్పల మీద నిమ్మచెక్క బదులు ఇదే పిండుకోవచ్చు అనుకునేది.

ఓ వేసవి చివర ఒనొరె నిచ్చెన మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రి నుంచి కూతురు తనింటికి తీసుకుపోయింది. ఇదే అదననుకుంది మగలోన్.

"సగం తోట ఇప్పుడే కోసేద్దాం" అంది భర్తతో.

"నాన్న చంపేస్తాడే!"

"ఆయన కుంటుకుంటూ వచ్చి చంపేలోపు వైన్ తయారైపోతుందిలే."

తెల్లవారుతూనే, ఎండ ఎక్కకముందే కోయించింది. గుత్తులు నలగకుండా చూసి, రసం మెల్లగా పిండించింది. రసం వేడెక్కకుండా సిమెంటు తొట్టి చుట్టూ తడిగోనెలు కట్టి, అవి ఆరిపోకుండా నీళ్లు చల్లుతూ కూర్చుంది. పసిబిడ్డకు జ్వరమొచ్చినట్టుందే అని ఊళ్లోవాళ్లు ఆటపట్టించారు.

ఒనొరె చేతికర్రలతో తిరిగొచ్చి బోసిపోయిన వరసలు చూశాడు.

"వెనిగర్ చేశావు కదే, నా తోటంతా!"

"తోటంతా కాదు, సగమే" అంది మగలోన్.

ఆయన వైన్ కొట్టులో అడుగుపెట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. పంతం చలికాలందాకా లాగాడు. క్రిస్మస్ ముందు మగలోన్ అన్న బతిస్త్ బుట్టెడు ఆల్చిప్పలు తెచ్చాడు. ఆమె కొత్త వైన్ బల్ల మీద పెట్టింది.

"నాకు నీళ్లు చాలు" అన్నాడు ఒనొరె.

"కాస్త రుచి చూడండి మావయ్యా. తిట్టడానికైనా తెలియాలిగా."

ఒక గుక్క తాగి మొహం ముడుచుకున్నాడు. ఒక ఆల్చిప్ప జుర్రాడు. మళ్లీ తాగాడు.

"పులుపు" అని గ్లాసు ముందుకు జరిపాడు.

"తీసేయమంటారా?"

"ఎంత పులుపో సరిగ్గా అంతుపట్టలేదు. ఇంకాస్త పొయ్యి."

బతిస్త్ పగలబడి నవ్వాడు. ఆ పులుపు అంతుపట్టేసరికి సీసా ఖాళీ అయింది.

మరుసటి ఏడు కోతకు అందర్నీ లేపింది ఒనొరేనే. "కానివ్వండి, ఎండొచ్చేస్తోంది!" అని వరస మొదట్లో కుర్చీ వేసుకుని కేకలు పెట్టాడు. సరస్సు ఒడ్డున ఆల్చిప్పలమ్మే పాకల వాళ్లంతా వాళ్ల వైనే కావాలన్నారు. సంతలో ఒనొరె గొప్పలకు అంతే లేకపోయింది.

"పచ్చి మీద కోయాలని నాకు ఎప్పట్నుంచో తెలుసయ్యా. కాలు విరిగింది కాబట్టి కోడలికి అప్పజెప్పాను."

పక్కనే ఆల్చిప్పలు విప్పుతున్న మగలోన్ కత్తి ఆపకుండానే అంది: "నిజమేనండీ. మా మావయ్య సమయానికి కింద పడబట్టే గదా!"

అందరికంటే గట్టిగా నవ్వింది ఒనొరేనే.